మూడు వందల లీటర్ల సముద్రంలో కలుపు తీత

ఇరవై రోజులుగా నేను కుంటుతూ నడుస్తుంటే పార్కులో మిత్రులంతా ఏమైంది ఏమైంది అని అడుగుతున్నారు. ఒకాయనకు మెట్ల మీద జారానని చెప్పాను. ఇంకొకాయనకు షుగర్ వల్ల అన్నాను. నాకు షుగరే లేదు. నిన్న ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని, కలిసి వచ్చి నన్ను నిలదీశారు. ఇక దాచి లాభం లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నేను మా కోడలి సముద్రంలో కలుపు తీశాను. అందుకు నన్ను పొట్టేలు పొడిచింది.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. టీ తెచ్చుకుని కూర్చోండి. నేను కొంచెం చుట్టూ తిప్పి చెప్తాను, అది నా అలవాటు, కానీ చివరికి ఇంటికే తీసుకొస్తాను.

మా కోడలు శ్రావణి విశాఖపట్నం పిల్ల. పళ్ళ డాక్టరు. పెళ్ళయి కడపకు వచ్చిన కొత్తల్లో ఒకరోజు మేడ ఎక్కి నాలుగు దిక్కులూ చూసి, "ఇక్కడ నీళ్ళు ఎటువైపు ఉంటాయి మావయ్యా?" అని అడిగింది. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్లలకు ఊరికి ఒక వైపు నీళ్ళుంటాయని నమ్మకం కాబోలు. "ఆదివారం పెన్న చూపిస్తా తల్లీ" అన్నాను. చూపించాను కూడా. అది మే నెల. పెన్న నడిబొడ్డున పిల్లకాయలు వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి కారెక్కింది. ఆరు నెలలు తిరక్కుండా మా హాల్లో నాలుగడుగుల గాజుతొట్టి దిగింది. మూడు వందల లీటర్లు. అందులో ఉప్పునీళ్ళు, చిల్లులు పడ్డ తెల్లరాళ్ళు, రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకునే ఏవో ప్రాణులు, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు, ఎర్రచారల రొయ్య ఒకటి, గుప్పెడు నత్తలు.

మా పక్కింటి బాషాకు ఇది బొత్తిగా అర్థం కాలేదు. బాషా బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు. సొంతూరు ఆలూరు పక్కన, కన్నడ పొలిమేరలో, అందుకే డబ్బును దుడ్లు అంటాడు. శ్రావణి ఉప్పు బస్తా దింపుతుంటే గోడ మీది నుంచి చూసి నన్ను పిలిచాడు.

"సార్, బోరునీళ్ళలో ఉప్పు తీసేదానికి మనం దుడ్లు పెట్టి మిషను కొంటిమి కదా?"

"కొంటిమి."

"ఆ తీసిన నీళ్ళలో మీ కోడలు మళ్ళా దుడ్లు పెట్టి ఉప్పు కలుపుతాండాది కదా?"

"కలుపుతాండాది."

"ఏం లేదు సార్, నాకు కరెక్టుగా అర్థమయిందా లేదా అని అడిగినా" అని వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం ఆ తొట్టి శానా నచ్చింది. నేను పాతకాలపు బీఎస్సీ అగ్రికల్చర్. ముప్పై నాలుగేళ్ళు వ్యవసాయ శాఖలో చేశాను. మట్టి, ఎరువు, ఎండ, పురుగు, కలుపు, ఇవి తప్ప నాకు వేరే లోకం తెలియదు. ఈ తొట్టిలో అన్నీ ఉన్నాయి, మట్టి తప్ప. శ్రావణి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఆమె విసుక్కోకుండా చెప్పేది. నీళ్ళు ఆవిరైతాయి కానీ ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తగ్గినమేర మంచినీళ్ళే పోయాలని ఆమె చెప్తే, నేను ఆ రాత్రికి ఆ విషయం నాదే అన్నట్టు మా ఆవిడ లక్ష్మీదేవికి చెప్పేవాణ్ణి.

సరే, అసలు కథ. వియ్యపురాలికి కంటి ఆపరేషన్. శ్రావణి ఒక వారం పుట్టింటికి వెళ్ళాల్సి వచ్చింది. మావాడు ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, అతన్ని ఇందులోకి లాగను, అతనికి ఈ పాపంలో భాగం లేదు. ఆదివారం పొద్దున్నే సూట్‌కేసు గుమ్మంలో పెట్టి శ్రావణి తొట్టి ముందు నిలబడింది.

"రాళ్ళ మీద ఆల్గే కొంచెం మొదలైంది మావయ్యా. ఫర్వాలేదు, అదే తగ్గిపోతుంది. మీరు రోజుకి ఒక్కసారి చిటికెడు మేత వేసి, ఈ గీత దాకా ఆర్వో నీళ్ళు పోస్తే చాలు."

"నువ్వు నిశ్చింతగా పోయి రామ్మా."

"క్లినిక్కు తాళాలిచ్చి వెళ్ళమన్నా నాకు భయం లేదుగానీ, దీన్ని ఒకరికి అప్పజెప్పాలంటే భయం. మీరున్నారని ధైర్యంగా వెళ్తున్నాను."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నాకు ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క పై ఆఫీసరూ ఇట్లాంటి మాట అనలేదు. నేను ఆ రోజంతా కొంచెం నిటారుగా నడిచాను.

ఇక సోమవారం. నేను చిటికెడు మేత వేశాను. లక్ష్మీదేవి వెనకాల నిలబడి చూసింది.

"అంతేనా?"

"అంతే. శ్రావణి చెప్పింది."

"ఆ పిల్లదేముంది, రెండు ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కునే మనిషి. ఇంటికొచ్చిన ప్రాణులకు చిటికెడు పెట్టి లేపుతారా యాడన్నా?"

మా వైపు భోజనం సంగతి మీకు తెలుసు. వద్దు అన్న తర్వాత వడ్డించేదే అసలు వడ్డన. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ళ సందుల్లోంచి జారేస్తారు. నేను ఒకసారి మైదుకూరు దగ్గర ఒక రైతు ఇంట్లో మూడో ముద్ద వద్దన్నందుకు, ఆయన నేను చెప్పిన విత్తనం వెయ్యనన్నాడు. తిన్నాను. వేశాడు. అటువంటి గడ్డ మీద పుట్టిన మనిషి లక్ష్మీదేవి. నేను పేపరు చదువుతుంటే ఒక చిటికెడు, పూజ అయ్యాక ఒక చిటికెడు, మధ్యాహ్నం మేము తినేటప్పుడు వాటి ముఖం చూడలేక ఇంకో చిటికెడు. మంగళవారం నేను తొట్టి దగ్గరికి పోతే అడుగున ఇసుక మీద ఒక గోధుమరంగు ఉండ కనిపించింది. చుట్టూ నత్తలు సభ చేసినట్టు మూగి ఉన్నాయి.

"ఏందిది?"

"సంగటి" అంది లక్ష్మీదేవి, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా. "గోలీకాయంతే వేసినా. రాగి మంచిదే కదా. నువ్వే కదా ఊరూరా తిరిగి మీటింగుల్లో చెప్పినావు."

అట్లని తప్పంతా ఆమె మీద వేస్తే పైన దేవుడుంటాడు. కిటికీ తెర తీసింది నేను. పాపం, ప్రాణులన్నాక ఎండ తగలొద్దా అని పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా తూర్పు కిటికీ బార్లా తెరిచి పెట్టాను. కడప ఎండ. విశాఖపట్నం సముద్రం కూడా ఎప్పుడూ చూసి ఉండని ఎండ.

బుధవారం సాయంత్రానికి రాళ్ళకు గడ్డం వచ్చింది. నేను చెప్తుండేది అలంకారం కాదు. పచ్చటి నూలుపోగుల్లాంటి పాచి, అంగుళం పొడుగు, పంపు విసిరే నీళ్ళకు ఊగుతూ. పువ్వుల్లాంటి ప్రాణులు సగం ముడుచుకున్నాయి. తెల్లపట్టీ చేపలు మూలకు చేరి నా వైపు చూస్తున్నాయి.

అప్పుడు నాకు, నిజం చెప్పాలంటే భయం సగం, ఉత్సాహం సగం. ఎందుకంటే రోగం నాకు తెలిసిపోయింది. ఎరువు ఎక్కువైంది, ఎండ ఎక్కువైంది, కలుపు లేచింది. ఇది నా సబ్జెక్టు. మేత ఆపి, తెర మూసి, గమ్మున కూర్చుంటే సగం జబ్బు దానంతటదే పోయేది. కానీ తెలిసిన మనిషి గమ్మున కూర్చుంటే వాడి తెలివి ఎవరికి తెలుస్తుంది? శ్రావణి వచ్చేసరికి తొట్టి అద్దంలా ఉండాలనుకున్నాను. ఆ "మీరున్నారని ధైర్యం" అన్న మాటకు వడ్డీతో సహా న్యాయం చేద్దామనుకున్నాను.

గురువారం పొద్దున స్నానం చేసి, పంచె ఎగ్గట్టి, శ్రావణి పేషెంట్లకు ఉచితంగా ఇచ్చే టూత్‌బ్రష్‌ల డబ్బాలోంచి ఒకటి తీసుకుని దిగాను. దిగడమంటే చెయ్యి దింపాను. ఒక్కొక్క రాయీ తోమాను. వేళ్ళతో పాచి పట్టి, మొదలంటా లాగి, బకెట్‌లో వేశాను. మధ్యలో ఆ ఎర్రచారల రొయ్య వచ్చి నా చెయ్యెక్కింది. కొరుకుతుందని బిగుసుకుపోయాను. అది ఏం చేసిందో తెలుసా? నా గోళ్ళ సందులు శుభ్రం చేయడం మొదలుపెట్టింది. దాని పని అదేనట. పళ్ళ డాక్టరు ఇంట్లో రొయ్య కూడా పని నేర్చిందే ఉంటుందని నేను మురిసిపోయి, ఎడమచెయ్యి కూడా ఇచ్చాను.

గంటన్నరకు రాళ్ళు తెల్లబడ్డాయి. అక్కడ ఆగి ఉంటే నేనీరోజు కుంటేవాణ్ణి కాదు.

కానీ నాకు ఆలూరు జ్ఞాపకం వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నన్ను ఆ వైపు వేశారు. ఒక ముసలి రైతు ఉండేవాడు. నేను వాళ్ళ చేలో నిలబడి, కలుపు ఎట్ల తీయాలో ఉపన్యాసం ఇస్తే అంతా విని, "సార్, చేలో తీసేది కూలోళ్ళు. గట్టు చూసేది రైతు. విత్తు గట్టు మీద ఉంటాది" అన్నాడు. అప్పట్నుంచి ఆ మాట నా సొంతమాటలాగా కొన్ని వందల ఊళ్ళలో చెప్పాను. తొట్టి తోమి, చెయ్యి తుడుచుకుంటూ నన్ను నేను అడిగాను. ఈ చేనుకు గట్టు యాడుండాది?

తొట్టి కింద చెక్కబీరువా ఉంది. పైనుంచి ఒక గొట్టం లోపలికి దిగి, ఇంకో గొట్టం పైకి వస్తుంది. పంపులు, వైర్లు ఉంటాయని ఎప్పుడూ తెరవలేదు. తెరిచాను.

లోపల ఇంకో చిన్న తొట్టి. దాని మీద గులాబీ రంగు లైటు. ఆ లైటు కింద, అబ్బ, ఏం చెప్పమంటారు, ఈతచాప అంత పాచి. తలకు నూనె లేని మనిషి జుట్టులా చిక్కులు పడి, తొట్టి నిండా, పొంగిపొర్లుతూ. చెయ్యి పెట్టి పైకి ఎత్తితే అందులో నలుసుల్లాంటి పురుగులు గెంతుతున్నాయి. కలుపే కాదు, పురుగు కూడా. దొంగ సొమ్ముతో సహా దొరికాడు.

"లక్ష్మీ, ఇట్రా ఒకసారి. పైన ఎంత పీకితే ఏం లాభం? విత్తనం ఈడుండాది."

ఆమె వంగి చూసింది. "మరి ఆ పిల్లకు తెలీదా?"

"పొద్దున పోతే పొద్దుమునిగాక వస్తుంది క్లినిక్కు నుంచి. కింద చూసే తీరికేది పాపం?"

"లైటెందుకు పెట్టింది మరి?"

చూడండి, చదువుకోని మనిషి సరైన ప్రశ్న అడిగింది. బీఎస్సీ చదివిన మనిషి, "వంగి చూసుకునేదానికి పెట్టుకుని, ఆర్పడం మరిచిపోయి ఉంటుంది" అని జవాబు చెప్పి, స్విచ్చి తీసేశాడు.

మొత్తం లాగాను. ఒక్క పోగు మిగలకుండా. గంప నిండింది. చిన్న తొట్టి గోడలు కూడా తుడిచాను.

ఇప్పుడు గంపెడు పచ్చిది చేతిలో ఉంది. దాన్ని చెత్తబండిలో వేయడానికి నాకు మనసొప్పలేదు. ఈ సీమలో పుట్టినవాడెవడూ పచ్చగా ఉన్నదాన్ని పారేయలేడు. మా చిన్నప్పటి కరువుల్లో పశువులకు కలబంద కాల్చి పెట్టినవాళ్ళను చూశాను. బాషా బక్రీదుకని పెంచుతున్న పొట్టేలు వాళ్ళ వాకిట్లో గుంజకు కట్టి ఉంటుంది. గంప తీసుకుపోయాను.

"ఏం గడ్డి సార్ ఇది?"

"సముద్రం గడ్డి. ఉప్పుంటాది, దానికి మంచిదే."

పొట్టేలు ఒకసారి వాసన చూసింది. ఒక పోగు నమిలింది. తర్వాత తల ఎత్తలేదు. బాషా నోరు తెరుచుకుని చూశాడు. "యా అల్లా, శనగపొట్టుకు కూడా ఇంత మర్యాద ఇయ్యదు సార్ ఇది. రోజూ దొరుకుతాదా?" అని అడిగాడు. ఒకేసారి పెడితే కడుపు నొస్తుందని సగం పక్కకు తీసి, పొద్దున కోసుకొచ్చిన పచ్చిగడ్డి కుప్ప మీద వేసి పెట్టాడు. మిగతా సగం లాగించాక పొట్టేలు ఒక బకెట్టు నీళ్ళు తాగి, నా చేతులు నాకింది. నేను ఇంటికి వచ్చి కమ్మగా పెరుగన్నం తిన్నాను.

ఒంటిగంటకు శ్రావణి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ బాగుందట, రేపు కట్టు విప్పుతారట. నేను అవన్నీ విని, ఆపుకోలేక అసలు వార్త చెప్పాను.

"నీ తొట్టి ఇప్పుడు చూడు తల్లీ, పెళ్ళికూతురు లాగుంది. రాళ్ళన్నీ తోమినా."

"అయ్యో, మీకెందుకు మావయ్యా అంత శ్రమ."

"అంతేకాదు. అసలు విత్తనం యాడుందో కనిపెట్టినా. కింద బీరువాలో మేటలు వేసింది. నీకు తీరిక లేక చూడలేదు. మొత్తం లాగేసినా. గంపెడు."

మెచ్చుకోలు కోసం ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"మావయ్యా" అంది, చాలా మెల్లగా. పంటి నొప్పి పేషెంటుతో మాట్లాడే గొంతు అది. "అది నేను పెంచుతున్నది."

"పాచినా?"

"పాచే. కానీ అది పెరుగుతుంటే పైన పాచికి తిండి దొరకదు. నీళ్ళలో చెత్తంతా అదే తినేస్తుంది. అందుకే లైటు పెట్టి కింద పెంచుతాం. అది లేకపోతే పైన రాళ్ళూ అద్దాలూ అన్నీ నిండిపోతాయి. ఆ పువ్వులవీ బతకవు."

నేను మంచం మీద కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు నా కళ్ళ ముందు జీపులో పోయింది. కలుపును వదిలిపెట్టి, పైరును పీకిన అగ్రికల్చరల్ ఆఫీసర్‌ను నేను.

"మళ్ళీ తెప్పిద్దాంలే తల్లీ. యాడ దొరికితే ఆడికి పోయి నేనే తెస్తా."

"రెండుసార్లు పార్సిల్లో తెప్పించాను. రెండుసార్లూ కడప చేరేసరికి ఉడికిన తోటకూర అయిపోయింది. అది నేను చలికాలంలో చెన్నై వెళ్ళి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చుకున్నది. అప్పుడు గుప్పెడే. ఏడాదిన్నర పెంచాను. ఎక్కడ పడేశారు మావయ్యా? బకెట్‌లో ఉంటే ఆ ఉప్పునీళ్ళలోనే ఉంచండి. గుప్పెడున్నా చాలు, మళ్ళీ పెరుగుతుంది."

"ఉండాది, ఉండాది. ఒక చోట భద్రంగా ఉండాది" అని ఫోన్ పెట్టేసి పరిగెత్తాను.

డెబ్బై మూడేళ్ళ మనిషి, మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేకుండా, ప్లాస్టిక్ మగ్గులో ఉప్పునీళ్ళు పట్టుకుని సందులో పరిగెత్తడం మా వీధి ఎప్పుడూ చూసి ఉండదు. బాషా వాకిట్లో వేపచెట్టు కింద కునుకు తీస్తున్నాడు. గుంజ దగ్గర పొట్టేలు లేదు. తాడు తెంపుకుని గడ్డి కుప్ప దగ్గరికి పోయి, పక్కకు తీసిపెట్టిన ఆ రెండో సగం మీద పడి ఉంది.

"బాషా, లేప్పా, నా పైరు మేస్తాండాది నీ పొట్టేలు."

"యాడ సార్? ఏ చేనులో?" అని అతను నిద్రలోనే లేచాడు.

నేను ఆలోచించలేదు. పొట్టేలు నోట్లోంచి వేలాడుతున్న పచ్చటి చిక్కును రెండు చేతులా పట్టుకుని లాగాను. అది అటు లాగింది. నేను ఇటు లాగాను. అది నిలబడి ఆలోచించింది. ఇంత మంచి గడ్డి తెచ్చి పెట్టిన మనిషి ఎందుకు వెనక్కి అడుగుతున్నాడా అని దానికీ సందేహమే కదా.

"విడువు సార్, అది మూర్ఖపుది."

"దాన్ని విడవమను, నేను విడువను."

చిక్కు తెగింది. నేను రెండడుగులు వెనక్కి పడ్డాను, కళ్ళజోడు ఎగిరిపోయింది. చేతిలో గుప్పెడు మిగిలింది. కుప్ప మీద ఉన్నదంతా తడిమి, చేతికి చిక్కింది చిక్కినట్టు మగ్గులో వేశాను. గుప్పెడు కాదు, రెండు గుప్పెళ్ళు. గెలిచాను. కళ్ళజోడు కోసం వంగాను. పొట్టేలుకు వీపు తిప్పి వంగాను. మిగతాది మీరే ఊహించుకోండి. ఎగిరి బాషా నులకమంచం మీద పడ్డాను. మోకాలు కోడుకు తగిలింది, మగ్గు మాత్రం ఒలకలేదు. బాషా నన్ను లేపుతూ, "మగ్గులో ఏముండాది సార్ అంత?" అని అడిగాడు. "మా కోడలి నమ్మకం" అన్నాను. అతను నా నుదురు పట్టుకుని చూశాడు.

ఇంటికి వచ్చి రెండు గుప్పెళ్ళనూ కింది తొట్టిలో వేసి, గులాబీ లైటు పెట్టి, శ్రావణికి ఫోన్ చేశాను. "దొరికింది తల్లీ, రెండు గుప్పెళ్ళు." అటువైపు ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించింది. "థాంక్స్ మావయ్యా, ఇక భయం లేదు" అంది.

ఆ రోజు నుంచి ఆదివారం దాకా నేను ఆ బీరువా ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. మోకాలికి ఆవపిండి పట్టు, ముక్కు మీద పాత కళ్ళజోడు. కొత్తది పొట్టేలు తొక్కింది. మేత చిటికెడుకు దిగింది. తెర మూతపడింది. లక్ష్మీదేవి వంటింట్లోంచే చేపలకు క్షమాపణలు చెప్పుకుంది. నేను పూటకోసారి శ్రావణికి పంట రిపోర్టు ఇచ్చేవాణ్ణి. "పైరు నిలదొక్కుకుంది తల్లీ." "ఈ పూట కొంచెం నిటారుగా లేచినట్టుంది." ఫోటో పంపమంటే పంపాను. ఆ గులాబీ లైటులో అన్నీ ఒకే నల్లరంగు, ఫోటోలో అదీ కనపడలేదు. "బతికుంది కదా, అంతే చాలు" అంది ఆమె.

ఆదివారం శ్రావణి దిగింది. సూట్‌కేసు గుమ్మంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని, నేరుగా బీరువా తెరిచింది. ముక్కు చిట్లించింది. గులాబీ లైటు ఆర్పి, చెయ్యి పెట్టి, నా పైరును ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకుపోయి తెర తొలగించింది. వెలుతురులో ఒకసారి చూసింది. నా వైపు తిరిగింది.

"మావయ్యా, నాకు మొక్కల గురించి అంత తెలీదు. దీనికి కణుపులు ఎందుకున్నాయి?"

నేను పాత కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, దగ్గరికి పోయాను. లక్ష్మీదేవి కూడా వచ్చి నా భుజం మీది నుంచి చూసింది. ఆమెకు కళ్ళజోడు అవసరం లేకపోయింది.

"గరిక" అంది.

గరిక. బాషా పొట్టేలుకని పొద్దునే కోసుకొచ్చిన గరిక. చేలో అది కనిపిస్తే రైతుకు నిద్రపట్టదు. పలుగుతో తవ్వించి, వేరు ఏరించి, ఎండబెట్టి తగలబెట్టించాను నేను, కొన్ని వేల ఎకరాల్లో. దాన్ని మూడు రోజులు ఉప్పునీళ్ళలో పెట్టి, లైటు వేసి, పక్కన పీట వేసుకుని, నిలదొక్కుకుంది నిలదొక్కుకుంది అని రిపోర్టులు పంపాను. నిటారుగా లేవడమేమో గానీ, అప్పటికే అది కుళ్ళడం మొదలైంది. శ్రావణి మందు చుక్కలు వేసి నీళ్ళు టెస్టు చేస్తే గాజునాళికలో లేత పసుపు రావాల్సింది, ఎండుమిరపకాయ రంగు వచ్చింది, అంటే నీళ్ళలో కుళ్ళు చేరింది.

శ్రావణి తిట్టి ఉంటే బాగుండేది. క్లినిక్కు సంచిలోంచి పళ్ళ మధ్య ఇరుక్కున్నవి తీసే సన్నటి పట్టకారు తెచ్చుకుని, తెల్ల ప్లేటులో ఆ గరికంతా పరిచి, లైటు పెట్టుకుని కూర్చుంది. నేనూ లక్ష్మీదేవీ ఆపరేషన్ థియేటర్ బయట చుట్టాల్లా నిలబడ్డాం. గంట గడిచింది. ఒక్కొక్క గడ్డిపోచా పక్కకు పోతోంది. ప్లేటు ఖాళీ అవుతోంది.

"ఇదిగో" అంది.

పట్టకారు కొసన మీసం వెంట్రుకంత పచ్చటి పోగు. ఆ పైన ఇంకోటి. మొత్తం మూడు. మూడు పోగులు.

"చాలా తల్లీ?"

"చాలు మావయ్యా." ఆ రోజు మొట్టమొదటిసారి నవ్వింది. "గుప్పెడు అన్నాను గానీ, ఇదీ బతుకుతుంది."

బతికింది. వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చింది, నత్తలకు ఇంకో డజను తోడు తెచ్చింది. పదిహేను రోజులకు ఆ మూడు పోగులూ కోడిగుడ్డంత ఉండ అయ్యాయి. పైన రాళ్ళకు మళ్ళీ లేచిన గడ్డం రాలుతోంది. పువ్వులు విచ్చుకుంటున్నాయి. చేపలు మూల వదిలి మధ్యలోకి వచ్చాయి. నన్ను మళ్ళీ కుర్చీ వేసుకుని కూర్చోనిస్తోంది శ్రావణి. చెయ్యి పెట్టడం గురించి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మొన్న సాయంత్రం అట్లా కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. మైదుకూరు నుంచి పాత పరిచయం, పసుపు రైతు.

"సార్, పసుపులో ఏదో కొత్త మొక్క లేచింది. ఆకు చూస్తే కలుపో కాదో అర్థం కాలేదు. మీరైతే చూస్తానే చెప్తారని ఫోటో పెట్టినా. పీకేయమంటారా?"

ఫోటో తెరిచాను. కొత్త కళ్ళజోడు పెట్టుకునే చూశాను. వెలుతురులోకి పోయి ఇంకోసారి చూశాను.

"ఒక్క రెండు గంటలు దాని మీద చెయ్యి వేయొద్దప్పా" అన్నాను. "మా కోడలు క్లినిక్కు నుంచి రానీ, అడిగి చెప్తా."